బాయి పేరుకు వచ్చిన ఉత్తరాలు

మొన్న లక్ష్మీనగర్‌లో చెప్పులు కొన్నాను. పాతవి తెగిపోయాయి, కొత్తవి కావాలి, అంతకు మించి వ్యవహారం లేదు. పైసలు ఇచ్చిన తర్వాత కూడా కౌంటర్ మీద కూర్చున్నాయన సంచి నా చేతికి ఇవ్వలేదు. కంప్యూటర్ వైపు చూస్తూ, "పేరు చెప్పండి సార్, ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ" అన్నాడు.

"చెప్పులు కాళ్లకు గదనయ్యా, పేరెందుకు?" అన్నాను.

"మీకు పర్సనల్‌గ ఆఫర్లు పంపిస్తం సార్. మెయిల్ మీ పేరు పెట్టి పిలుస్తది."

నాకు ఒళ్లు మండింది. నన్ను పేరు పెట్టి పిలవడానికి నువ్వెవరు, నీ మెయిల్ ఎవరు అని అడిగాను. నా వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. ముసలాయనకు ఎండ దెబ్బ తగిలిందని వాళ్లలో ఒకడు అన్నట్టున్నాడు. సంచి గుంజుకొని బయటికి వచ్చాను. మెట్లు దిగేసరికి కోపం పోయింది, దాని జాగాలో ఇంకేదో వచ్చి కూర్చుంది. పేరు పెట్టి పిలవడమనే ముచ్చట మీద బతుకంతా తిప్పలు పడ్డ మనిషి ఒకాయన నాకు తెలుసు. ఆయన పోయి ఏడాది కావస్తున్నది. ఆయన గురించే ఇప్పుడు రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

ఆయనకు పేర్లు రెండు. ఒకటి అవ్వ పెట్టిన పేరు, రెండోది బాయి పేరు. బొగ్గు గనిని మేము బాయి అంటాం. బాయి కాగితాల్లో ఉండే పేరు బాయి పేరు. మామూలుగా ఈ రెండూ ఒకటే అయి ఉండాలి. మా బొగ్గు బెల్టులో పాత కార్మికులను కదిపి చూడండి, ఒకటి కానివాళ్లు అక్కడక్కడా దొరుకుతారు. కొలువుకు పిలుపు వచ్చేది ఒకరికి, పోయి దిగేది ఇంకొకరు. మా బావ సంగతీ అదే. చుట్టరికమేమీ లేదు, పక్కపక్క ఊళ్ల వాళ్లం, ఒకే బాయిలో పనిచేసినవాళ్లం, ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం. పిలుపు వచ్చింది ఆయన తమ్ముడికి. కాగితం ఇల్లు చేరేనాటికి ఆ తమ్ముడు జ్వరంతో పోయాడు. ఇంట్లో తినే నోళ్లు ఎక్కువ, పొలం తక్కువ. దినాలు కాకముందే తండ్రి పెద్దకొడుకును పిలిచి, "నువ్వు పో. వాడే కొలువు చేస్తుండనుకుంట" అన్నాడట.

ఆ మాట మీద తమ్ముడి పేరుతో బాయిలో దిగాడు, తమ్ముడి పేరుతోనే రిటైరై బయటికొచ్చాడు. అది దొంగతనమని ఆ రోజుల్లో ఎవరూ అనుకోలేదు, నేను ఇప్పటికీ అనుకోను. బొగ్గు ఎత్తింది ఆయన చేతులు. దుమ్ము మింగింది ఆయన ఊపిరితిత్తులు. పేరొక్కటే తమ్ముడిది.

ఆయనను తలచుకుంటే నాకు ముందుగా యాదికొచ్చేది ఆయన మెడ. ఎవరైనా బాయి పేరుతో పిలిస్తే ముందు వెనక్కి తిరిగి చూసేవాడు. వెనక ఎవరూ లేరని చూసుకొని, అప్పుడు ఇటు తిరిగి "ఉన్న" అనేవాడు. హాజరు దగ్గర అంతే, జీతం కిటికీ దగ్గర అంతే. లోపల చీకట్లోనైతే మరీ బాగా తెలిసేది. పిలవగానే ఆయన టోపీ దీపం వెలుగు వెనకాల గోడ మీదికి పోయి, అక్కడ కాసేపు వెతికి, ఆ తర్వాత మా వైపు వచ్చేది. కొత్తలో మా పని చూసే ఓవర్‌మెన్ తిట్టేవాడు.

"ఎవన్ని సూస్తున్నవ్, నీ మామ వస్తుండా?"

"లేద్సార్. ఎవలన్న వచ్చిండ్రేమో అని."

రిటైరయ్యే రోజు దండ వేసి మైకులో పిలిచినా అదే పని చేశాడు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లంతా ఆయనతోపాటు వెనక్కి తిరిగి చూశారు.

ఇక అవ్వ పెట్టిన పేరు. అవ్వ పోయింది. ఆ పేరుతో పిలిచే ఈడు వాళ్లు ఊళ్లో ఉండేవాళ్లు, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని వచ్చి ఊరే పోయింది, మనుషులు తలా ఒక దిక్కు చెదిరిపోయారు. పెళ్లాం మొగుడి పేరు ఎత్తదు. పిల్లలు బాపూ అంటారు. నేను బావా అంటాను. ఆ పేరు ఉండీ, దాన్ని పలికే నోరు లేకుండా అయిపోయింది.

రిటైరైన తర్వాత ఏదో వైద్యం కార్డుకు మెయిల్ ఐడీ కావాలంటే కొడుకు బాయి పేరు మీదే ఒకటి తయారుచేసి, ఆయన ఫోన్లోనూ తన ఫోన్లోనూ పెట్టాడు. ఆయన అమాయకపు మనిషి. ఏ దుకాణం వాడు అడిగినా ఫోన్ తీసి చూపించేవాడు, వాళ్లు రాసుకునేవాళ్లు. కళ్లజోళ్ల వాడు, బంగారం వాడు, బట్టల వాడు, టీవీల వాడు, అందరి దగ్గరా ఆ పేరు చేరింది. అక్కడినుంచి మొదలైంది.

పొద్దున్నే బస్టాండ్ దగ్గరి హోటల్లో చాయ్ ముందు పెట్టుకొని ఫోన్ నా వైపు జరిపేవాడు. నేనూ బడి చూసింది తక్కువే. గోడల మీది నినాదాలు, మిర్చిబజ్జీల పొట్లాం కాగితాలు చదివి కూడబెట్టుకున్న చదువు నాది. ఇంగ్లీషైనా, ఇంగ్లీషులాంటి తెలుగైనా తంటాలు పడి చదివేవాణ్ని.

"ప్రియమైన ఫలానా గారూ, మీ కోసమే ప్రత్యేకంగా." ఇది బంగారం వాడు.

"ఫలానా గారూ, మీరు వచ్చి చాలా రోజులైంది. మిమ్మల్ని మిస్సవుతున్నాం." ఇది కళ్లజోళ్ల వాడు.

"ఎవన్ని మిస్సయితుండ్రు బావా," అని అడిగేవాడు, "వాన్నా, నన్నా?"

"ఇద్దర్ని గాదు. నీ జేబును."

నేను ఆ ఉత్తరం కొట్టేయబోతే చెయ్యి పట్టుకునేవాడు. "ఆగు. పిలిస్తె పలుకకపోతె ఎట్ల? జవాబు రాయి." రాయక తప్పేది కాదు. ఆయన చెబుతుంటే నేను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాణ్ని. "నమస్తే. మీ ఉత్తరం అందింది. మీరు పిలిచినాయన నేను గాను. ఆయన నా తమ్ముడు..." ఇక్కడికి వచ్చేసరికి భయం పట్టుకునేది. "వద్దొద్దు. గది కొట్టెయ్. ఎవలన్న సదివితె లేనిపోని లొల్లి." మళ్లీ మొదలు. చివరికి తేలే జవాబు ఎప్పుడూ ఒకటే. "అయ్యా, ఆ పేరుతోని నన్ను పిలువకుండ్రి. ఏ పేరుతోని పిలువాల్నో చెప్పరాదు."

పంపిన క్షణంలో తిరిగి వచ్చేది. ఇది యంత్రం పంపిన ఉత్తరం, దీనికి జవాబులు ఎవరూ చూడరు అని.

"అంటే, పిలిచి తలుపేసుకున్నరన్నట్టు" అనేవాడు. చాయ్ తాగి, మర్నాడు మళ్లీ ఇంకొకరికి జవాబు రాయించేవాడు.

పేరు అతికిస్తే దగ్గరితనం వస్తుందని ఈ వ్యాపారం వాళ్లకు ఎవరు నూరిపోశారో నాకు తెలియదు. మా దగ్గర పేరు పెట్టి పిలిచేది హాజరు గుమాస్తా, పోలీసువాడు. దగ్గరివాడు పేరు పిలవడు. అన్నా అంటాడు, కాకా అంటాడు, అక్కా అంటాడు. పేరు వినబడితే ఏం తప్పు చేశామో అని ఉలిక్కిపడే జనం మేము. మనిషికి ఉత్తరం రాసేటప్పుడు, ఈ మాట వాడి ఇంట్లో ఎక్కడ పడుతుంది, ఎవరి చెవిన పడుతుంది అని ఆలోచించాలా, వద్దా? నాకు తెలిసిన నీ సంగతులన్నీ నీ మొహం మీద చెప్పుకుంటూ పోతే నువ్వు నాకు ఆప్తుడివి అవుతావా? ఇది నేను హోటల్లో గట్టిగా అడిగేవాణ్ని. హోటలాయన, "కాకా, ఫోన్ల చూసి కొట్లాడుడు బంద్ చెయ్, గిరాకీ పోతున్నది" అనేవాడు.

అన్నిటికన్నా బట్టల షోరూం వాడిది ఎక్కువైంది. అది మంచిర్యాలలో ఉంది, గోదావరి దాటి పోవాలి. బాయి కాగితాల్లోని పుట్టిన తేదీ వాళ్లకు ఎట్లా చిక్కిందో చిక్కింది. ప్రతి ఏడూ ఆ రోజు కేకు బొమ్మ వేసి శుభాకాంక్షలు పంపేవాళ్లు. మొదటిసారి నేను చదివి వినిపించినప్పుడు ఫోన్ తీసుకొని ఆ కేకు బొమ్మను దగ్గరగా పెట్టుకొని చూశాడు. తర్వాత, "వాడు ఏ రోజు పుట్టిండో మా అవ్వకే సరిగ్గ తెల్వది. బట్టలోనికి తెలిసింది సూడు" అన్నాడు. ఆ సాయంత్రం కల్లు దగ్గరికి తీసుకుపోయి, తాగేముందు తమ్ముడి కోసం నేల మీద కాస్త సాక పోశాడు. ప్రతి ఏడూ పోసేవాడు. చచ్చిపోయినవాడికి దావత్ పిలుపు ఇంటికి వస్తుంటే మరి ఏం చెయ్యాలి.

మూడో ఏడు, "పోయి చెప్పొద్దాం పా" అన్నాడు. బస్సెక్కి పోయాం. కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి ఉంది, మెడలో ఐడీ కార్డు, చెవి మీద పెన్ను. సంగతి చెప్పాం.

"పేరు తప్పు పడ్డదా తాతా? కొత్త పేరు చెప్పు, మారుస్త."

బావ నా వైపు చూశాడు. "కొత్తది గాదు బిడ్డా. పాతది."

"సరే, పాతదే చెప్పు."

"చెప్పరాదు."

ఆమె చేతులు మీటల మీద ఆగిపోయాయి. విసుక్కుంటుందనుకున్నాను. నెమ్మదిగా, "మీది ఏ బాయి తాతా?" అని అడిగింది. బావ చెప్పాడు. "మాది రామకృష్ణాపూర్. మా అమ్మమ్మోళ్ల ఇంట్ల గూడ ఇట్లనే..." అని, అటూ ఇటూ చూసి, మాట అక్కడితో మింగేసింది. "ఒక పని చేస్త. పేరు తీసేసి ఖాళీగ ఉంచుత. పుట్టినరోజు గూడ తీసేస్త. మంచిదేనా?"

"ఖాళీగ ఉంచొచ్చా?"

"కంప్యూటర్ ఒప్పుకుంటది తాతా. మా సారే ఒప్పుకోడు. సారు సూడడు తియ్యి."

పదిహేను రోజులు పోయాక ఉత్తరం వచ్చింది. ప్రియమైన అని ఉంది. తర్వాత ఏమీ లేదు. తర్వాత గారికి అని ఉంది. బావ ఆ నడిమి ఖాళీ మీద గోరు పెట్టి, నాకు చూపించి, "గీడ నేనున్న బావా" అన్నాడు. హోటల్లో కూర్చున్నవాళ్లందరికీ ఆ ఫోన్ చూపించాడు. "నీ పేరు మర్సిపోయిండ్రు కాకా" అంటే పకపకా నవ్వాడు. ఆయన అట్లా నవ్వగా నేను చూసింది తక్కువ. ఆ రోజు జవాబు కూడా చిన్నగా చెప్పాడు. "బిడ్డా, అందింది. మంచిగున్న." అది కూడా యంత్రం తిప్పి పంపింది, ఆయన మాత్రం పట్టించుకోలేదు.

నాకు తెలిసి ఇన్నేళ్లలో ఒక వ్యాపారం వాళ్ల నుంచి ఆయనకు వచ్చిన మర్యాదగల ఉత్తరం అదే. ఆ పిల్లకు ఆయన పేరు తెలియదు. తెలియదన్న సంగతి తెలుసు, అడగకూడదని కూడా తెలుసు.

ఆ వైభవం ఎక్కువ రోజులు సాగలేదు. షోరూం వాళ్లు కంప్యూటర్ మార్చారట. ఫోన్ నంబరును పట్టుకొని ఎక్కడినుంచో పాత పేరు మళ్లీ లాక్కొచ్చి ఖాళీలో పెట్టారు. ఈసారి రంగు అక్షరాల్లో పెట్టారు. ఫోన్ చేసి ఆ అమ్మాయి కోసం అడిగితే, ఆమె ఇక్కడ మానేసింది అన్నారు. ఇంకెవరితో చెప్పాలి అంటే, మెయిల్ పెట్టండి అన్నారు.

తర్వాత దగ్గు పట్టుకుంది. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానకు నేనే తోడు పోయాను. ఛాతీ ఫోటోలు తీశారు, గొట్టాలు పెట్టి ఊదించారు. డాక్టరు చెప్పింది ఇద్దరం విన్నాం. తిరుగు బస్సులో, "బతుకమ్మ పోయినంక ఇంట్ల చెప్త. అందాక నువ్వు చెప్పకు" అన్నాడు. బిడ్డలు వస్తారు, పండుగ పూట ఏడుపులెందుకని ఆయన లెక్క. సరేనన్నాను.

వారం తిరక్కుండానే ఉత్తరం వచ్చింది. "ఫలానా గారూ, మీ ఊపిరితిత్తుల గురించి మేము ఆలోచిస్తున్నాం. ఇటీవల మా ఛాతీ విభాగానికి వచ్చిన మీకోసం, తదుపరి పరీక్షల మీద ప్రత్యేక తగ్గింపు." అది కొడుకు ఫోన్లోనూ పడింది. ఇంటిల్లిపాదీ అన్నం ముందు కూర్చున్నప్పుడు చదివాడట. ఛాతీ విభాగం ఏంది బాపూ అని అడిగాడట.

మర్నాడు ఆయన భార్య మా ఇంటి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. "నాకు చెప్పకపోతిరి అన్నా. వాళ్లెవలో వాళ్లకు నాకన్న ముందుగాల ఎరుక" అంది.

ఆ దవాఖానకు జవాబు నేనే రాశాను, ఆయన చెప్పకుండానే. మీ ఇంట్లో మనుషులకు కూడా రోగాలు ఇట్లాగే చాటిస్తారా అని రాశాను. తిరిగి వచ్చింది. ఫోన్ చేశాను. ఒకటి నొక్కు, రెండు నొక్కు అని తిప్పి తిప్పి ఒక మనిషి గొంతు దొరికింది. ఎవరండీ ఇది పంపింది అంటే, "సిస్టం పంపిస్తది సార్" అన్నాడు. ఆ సిస్టం ఎక్కడ కూర్చుంటుంది, ఏ ఊరిది, దాని గల్లా పట్టుకోవాలంటే ఎక్కడికి రావాలి అని అడిగాను. "మీ అభిప్రాయం మాకు విలువైనది సార్" అని పెట్టేశాడు.

నేను మంచం పక్కన కూర్చొని ఇదంతా చెప్పుకొని రుసరుసలాడుతుంటే బావ వింటూ వింటూ దగ్గాడు. దగ్గు ఆగాక అన్నాడు. "పేరు వానిది, దగ్గు నాది. ఇద్దర్ని కలిపి ఒక్కటే ఉత్తరం రాసిండ్రు. పైసలు మిగుల్చుకున్నరు."

అదే మంచం మీద ఇంకో రోజు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నవ్వకుండా అన్నాడు. "బావా, వాని పేరు ఇన్నొద్దులు మోసిన. వానిది వానికి ఇచ్చిపోవాలె. పోయేటప్పుడన్న నా పేరుతోని పోత."

"కాయితాలు మార్పిద్దామా?" అన్నాను. మారవని నాకూ తెలుసు.

"కాయితాలు వద్దు. కాయితాల చెయ్యి పెడితె ముసల్దాని పింఛన్ ఆగుతది. ఒక్క నోటిమాట సాలు."

చూస్తానన్నాను. ఏం చూస్తానో తెలియకుండానే అన్నాను.

ఆయన పోయిన రోజు నేను వెళ్లేసరికే గల్లీ మొగదలలో ఫ్లెక్సీ కట్టేశారు. నిలువెత్తు ఫోటో, అశ్రునివాళి, కింద బాయి పేరు, బారెడు అక్షరాలు. కొడుకు నా మొహం చూసి పక్కకు తీసుకుపోయాడు.

"ఏం జేద్దు మామా? దవాఖాన కాయితంల అదే ఉన్నది. రేపు అవ్వ పింఛన్ కాడ ఎవలన్న ఫోటో తీసి పెడితె? బాపు నాతోని గూడ అన్నడు, నాకు తెల్వక గాదు."

వాడిది తప్పని ఎట్లా అంటాను. పాత కార్మికులు ఒక్కొక్కరే వచ్చారు. ఫలానా మంచోడు, ఫలానా ఎవలికి అన్యాయం చెయ్యలే, అని ఆ పేరే ఎత్తి ఏడ్చారు. బాయి ఆఫీసు నుంచి పూలచక్రం వచ్చింది, దాని మీద చీటీ, చీటీ మీద అదే పేరు. ఇంట్లో పడుకోబెట్టిన మనిషి ఎవరో వచ్చినవాళ్లలో ముప్పాతిక మందికి తెలియదు. నేను ఒక మూల నిలబడ్డాను. జీవితమంతా ఎవరో ఒకరితో కొట్లాడిన నాకు ఆ రోజు కొట్లాడటానికి ఎవరూ దొరకలేదు.

గోదావరి ఒడ్డుకు తీసుకుపోతూ నడిమిట్లో పాడెను దించారు. మా దగ్గర దింపుడు కళ్లం అంటారు. ఒకవేళ ప్రాణం మిగిలి ఉందేమోనన్న ఆఖరి ఆశతో, దగ్గరివాళ్లు చెవి దగ్గర మూడుసార్లు పిలవాలి. డప్పులు ఆపారు. కొడుకు వంగి బాపూ, బాపూ, బాపూ అని పిలిచి లేచాడు.

కులపెద్ద, "పేరు పెట్టి గూడ పిలువాలె. ఎవలన్న పిలువుండ్రి" అన్నాడు.

మాతో పనిచేసిన ఒకాయన ముందుకు వచ్చి మోకాళ్ల మీద వంగబోయాడు. బావ భార్య చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు వద్దు కాకా. అన్న పిలుస్తడు" అంది.

అందరూ నా వైపు చూశారు. ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు నాలుగడుగుల దూరంలో ఉన్నారు. కొడుకు మొహం తెల్లబోయింది. నేల లోపల డ్రిల్లింగ్ మిషన్ పక్కన వయసు కరిగించుకున్నవాళ్లం మేము, చెవులు పోయాయి, మెల్లగా మాట్లాడటం మాకు చేతకాదు. నేను గుసగుస అనుకున్నది రోడ్డు మీదికి వినబడుతుందని మా ఇంట్లో పోరు. ఆమెకు ఆ సంగతి తెలుసు. పాడె పక్కన కూర్చుంటుంటే నా భుజం మీద చెయ్యి వేసి చెవి దగ్గర అంది. "మెల్లగ పిలువన్నా. ఆయనకు ఇనొస్తె సాలు."

చెవి మీది పసుపు గుడ్డ పక్కకు జరిపాను. నోరు ఆనించాను. ఊపిరి బిగబట్టి, గొంతును ఎంత కిందికి దింపగలనో అంత కిందికి దింపి, అవ్వ పెట్టిన పేరుతో పిలిచాను. ఆగాను. రెండోసారి పిలిచాను. మూడోసారి పిలిచాను.

"పిలిచినవా?" అని అడిగింది ఆమె.

పిలిచానన్నాను. పెదవులు కదిలాయి, అది నాకు తెలుసు. నా గొంతు నాకు వినబడలేదు.